కూడిక వేయని జమాఖర్చు

2020 ఏప్రిల్ 2, శ్రీరామనవమి. రామచంద్రపురంలో మా వీధి చివర పందిరి వెయ్యలేదు. పానకం బిందెలు లేవు, వడపప్పు లేదు, మైకు లేదు. జనతా కర్ఫ్యూకి వారం ముందు నాన్నగారిని చూసి పోదామని వచ్చినదాన్ని కరోనా లాక్‌డౌన్‌తో అక్కడే ఉండిపోయాను. ఆయనకి 82 ఏళ్లు. కాకినాడలో చేయించాల్సిన శుక్లం ఆపరేషను వాయిదా పడింది. ఎడమ కన్ను పూర్తిగా మసక, కుడి కంటితో టీవీ బొమ్మ కదలడం మాత్రం తెలిసేది. ఆ రోజు భద్రాచలంలో కల్యాణం భక్తులు లేకుండా జరిగింది. మిథిలా స్టేడియంలో కాకుండా గుళ్లోని నిత్యకల్యాణ మండపంలో, అర్చకులూ అధికారులూ కొద్దిమందే ఉండగా. నాన్నగారు టీవీ వైపు తిరిగి కూర్చుని, "జనం చప్పుడు లేదేమే?" అని రెండుసార్లు అడిగారు.

మధ్యాహ్నం ఫోనులో బాలమురళీకృష్ణ పాడిన రామదాసు కీర్తనలు పెట్టాను. ఇంటి వెనక కాలవ అప్పటికే అడుగంటుతోంది. ధవళేశ్వరం దగ్గర డెల్టా కాలవలు కట్టేసే రోజులు దగ్గరపడ్డాయి. వీధిలో మనిషి అలికిడి లేదు. ఆ నిశ్శబ్దంలో "ఇక్ష్వాకు కులతిలక" మొదలైంది. నాన్నగారు కుర్చీ చేతిమీద వేళ్లతో లెక్క పెట్టడం మొదలెట్టారు. తాళం వేస్తున్నారనుకున్నాను. పాట అయ్యాక అన్నారు:

"అది పాట కాదమ్మాయ్. జమాఖర్చు."

ఈ మాట అన్నది కరణీకం చేసిన మనిషి కాబట్టి నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను. ఊరికి కూతవేటు దూరంలో ఉన్న ఒక పల్లెకి ఆయన కరణం. వాళ్ల నాన్న కరణం, తాత కరణం. 1984 జనవరిలో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది. అప్పుడు నేను ఏడో తరగతి. బీరువాలోంచి అడంగళ్లు, శిస్తు చిఠ్ఠాలు, పటాలు తీసి మూటలు కట్టి, ఒక్కో మూటకీ చీటీ రాసి అప్పగించి వచ్చారు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నారు. భోజనం చేశారు. ఆ తరవాత నాలుగైదు నెలలు ఆయన మాట్లాడిన మాటలు నా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ రద్దు అన్యాయమని ఆయన ఎప్పుడూ అనలేదు. వంశపారంపర్యంగా ఊరి లెక్క ఒకే ఇంట్లో ఉండడం సరైన పద్ధతి కాదని నాతో చాలాసార్లు చెప్పారు. అయినా 46 ఏళ్ల మనిషికి పొద్దున్న లేస్తే చెయ్యాల్సిన పని లేకపోవడమూ, ఇంట్లో నలుగురు ఉండడమూ వేరే లెక్క. చివరికి ఒక రైసు మిల్లులో గుమాస్తాగా చేరారు.

ఆ నెలల్లో ఆయన నోరు విప్పింది శనివారం సాయంత్రాలే. రాములవారి కోవెల్లో భజన జరిగేది. మిల్లు కళాసీలు, కూరగాయల బండి ఆయన, ఒక దర్జీ, ఇద్దరు ముగ్గురు రైతులు. నాన్నగారి చేతిలో కంచు తాళాలు ఉండేవి. ఇంట్లో పలకని మనిషి అక్కడ గొంతెత్తి రాముణ్ని నిలదీస్తుంటే, గుమ్మం పక్కన కూర్చున్న నాకు భయం వేసేది. దేవుణ్ని తిడుతున్నారేమిటని అమ్మని అడిగాను. "తిట్టనీ, ఇంట్లో తిట్టరు కదా" అంది అమ్మ.

ముప్పై ఆరేళ్ల తరవాత, ఊళ్లన్నీ తలుపులు వేసుకున్న ఆ వేసవిలో, ఆ పాటలు ఎలా పుట్టాయో నాన్నగారూ నేనూ కూర్చుని తవ్వుకున్నాం. నా దగ్గర పుస్తకాలు ఉన్నాయి, ఆయన దగ్గర దస్త్రాల తెలివి ఉంది.

రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న. ఊరు ఇప్పటి ఖమ్మం జిల్లా నేలకొండపల్లి. గోల్కొండను అబుల్ హసన్ కుతుబ్‌షా ఏలిన కాలం. మనం తానీషా అనేది ఆయన్నే. 1672లో గద్దెనెక్కాడు. రాజ్యం ఆదాయ వ్యవహారాలు మాదన్న చేతిలో ఉండేవి. అక్కన్న ఆయన సోదరుడు. గోపన్న వాళ్లకి మేనల్లుడనీ, ఆ పరిచయంతోనే పాల్వంచ పరగణాకి తహసీల్దారు అయ్యాడనీ చెబుతారు. భద్రగిరి మీద పాకలో ఉన్న రాముడికి గుడి కట్టించాడు. అందుకు శిస్తు సొమ్ము వాడాడన్నది అభియోగం. ఆరు లక్షల వరహాలని కథల్లో ఉంది. పన్నెండేళ్లు గోల్కొండ కోటలో ఖైదు అని కూడా కథల్లోనే ఉంది. రాముడూ లక్ష్మణుడూ మారువేషాల్లో వచ్చి సొమ్ము కట్టి రసీదు పుచ్చుకున్నారన్నది భక్తుల నమ్మకం. గోల్కొండ ఎక్కినవాళ్లకి ఆ చీకటి గది ఇప్పటికీ చూపిస్తారు. పైనుంచి కాస్త వెలుతురు, గోడ మీద చెక్కిన బొమ్మలు.

భద్రాచలం 1959 దాకా మా పాత తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేదని ఈ తరం పిల్లలకి చెబితే ఆశ్చర్యపోతారు. నాన్నగారి లెక్కలో అది ఎప్పటికీ మన జిల్లా గుడే. నీళ్లు అక్కణ్నించే కదా వస్తాయి అంటారు.

నాన్నగారి మాట దగ్గరికి వస్తాను. ఆ కీర్తన వినని తెలుగువాళ్లుండరు. ఒకసారి దాన్ని దస్త్రంలా చూడండి. మొదట గుడి చుట్టూ ప్రాకారం కట్టించిన పద్దు. దానికైన సొమ్ము. తరవాత గోపురం, మంటపాలు. ఆ పైన నగలు. భరతుడికి పచ్చల పతకం, ఇన్ని వేల వరహాలు. శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, ఇన్ని వేల మొహరీలు. లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకి చింతాకు పతకం. పని పేరు, ఎవరి నిమిత్తం, ఎంత పట్టింది. ఈ నగలకి మూడు గడులూ ఉన్నాయి. ఏ నాణెంలో చెల్లించిందీ కూడా రాశాడు. ప్రతి పద్దు చివరా "రామచంద్రా" అన్న పిలుపు. మా ఊరి పేరులో ఉన్న పిలుపే.

"వరహాలకీ మొహరీలకీ తేడా పెట్టాడు చూడు," అన్నారు నాన్నగారు. "కవి అయితే ఛందస్సు కుదిరితే చాలనుకుంటాడు. లెక్క తెలిసినవాడు ఏ సొమ్ము ఆ సొమ్ముగా రాస్తాడు. తనిఖీకి వచ్చినవాడు అడుగుతాడని తెలుసు వాడికి."

ఆ చూపుతో మిగతా కీర్తనలు వింటూ పోతే నాకు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. సీతమ్మని పట్టుకుని, మీ ఆయనకి ఏకాంతంలో నా సంగతి చెప్పమ్మా అని వేడుకునే కీర్తన ఉంది. అది సిఫార్సు. కచేరీలో పని కాకపోతే దొరగారి ఇంటికి వెళ్లి అమ్మగారికి చెప్పుకోవడం. ఏ విధంగా దయ చూస్తావో చెప్పమని అడిగేది అర్జీ. ఇదివరకు ఫలానావాళ్లని కాచావు, నన్నెందుకు కాయవు అని పాతవాళ్ల పేర్లు ఎత్తేది పూర్వపు ఉత్తర్వులు చూపించి హక్కు అడగడం. ఎన్నిసార్లు పిలిచినా బదులు లేదేమని అడిగేది జ్ఞాపిక. రెవెన్యూ ఉద్యోగి జీవితమంతా రాసే కాగితాలన్నీ ఇవే. ఆ కాగితాలు రాసే చెయ్యి ఖైదులో పడ్డాక, పై అధికారి మారాడు. రాత మారలేదు.

ఇది పండితులు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. దేవుణ్ని నిందిస్తూ పొగడడం గోపన్న కనిపెట్టింది కాదు. అంతకు రెండు శతాబ్దాల ముందే అన్నమయ్య వేంకటేశ్వరుడితో చనువుగా, కోపంగా కూడా మాట్లాడాడు. ధూర్జటి రాజుల్ని చీదరించుకుంటూ శివుడితో మొరపెట్టుకున్నాడు. కానీ చేసిన ఖర్చు అంకెలతో సహా దేవుడి ముందు పెట్టి, ఇది ఎవరి సొమ్మనుకుని తిరుగుతున్నావు అని అడిగిన పాట, తనే రాసిన దాశరథీ శతకం లాంటి ధారగల పద్యాల పక్కనే అలాంటి పాట, ఆ మనిషి ఉద్యోగంలోంచి కాక మరెక్కణ్నించి వస్తుంది? ఆవిష్కరణ అంటే ఇదే అని నా నమ్మకం. కొత్త పదార్థమేదీ లేదు. రోజూ చేతిలో ఉండే పరికరాన్ని, అది ఎన్నడూ వెళ్లని చోటికి తీసుకుపోవడం.

"పలుకే బంగారమాయెనా" గురించి కూడా ఆ రోజుల్లోనే ఒక సంగతి తట్టింది. బంగారానికి లెక్క చెప్పలేదని బంధించిన మనిషి, రాముడి మౌనాన్ని కొలవడానికి మళ్లీ బంగారాన్నే తీసుకున్నాడు. ఇంట్లో ఎన్నోసార్లు విన్నాను. తిట్టు రాని పిల్లకి కూడా ఇది ఎత్తిపొడుపని తెలిసిపోతుంది. అయినా ఇంతకాలం ఆ తూకం నాకు కనిపించలేదు. నాన్నగారితో అంటే కాసేపు ఊరుకుని, "వాడి బాధంతా అదే కదమ్మా" అన్నారు.

మరి ఆ చీకటి గదిలో పుట్టినవి బయటికి ఎలా వచ్చాయి? నన్ను ఎక్కువగా పట్టుకున్న ప్రశ్న ఇది. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించారు. తిరుమల గుళ్లో ఒక అరలో శతాబ్దాలు ఉండి, 20వ శతాబ్దంలో మళ్లీ వెలుగు చూశాయి. గోపన్నకి రేకులు లేవు, చెక్కించేవాళ్లూ లేరు. పాడినవన్నీ ఖైదులోనే పాడాడా, కొన్ని ముందో తరవాతో పాడాడా అన్నది తేలేది కాదు. కానీ వాటి తయారీ చూస్తే, కాగితం లేని చోట బతకడానికి చేసినట్టే ఉంటాయి. పల్లవి చిన్నది. ఒక్కసారి వింటే నోటికొస్తుంది. చరణాలన్నీ ఒకే వరసలో నడుస్తాయి. మాటలు రోజూ మాట్లాడుకునేవి. ఒకడు ఎత్తుకుంటే పదిమంది తిరిగి అనగలిగేవి. భజనలో ప్రతి చరణం రెండుసార్లు వినపడుతుంది, ఒకసారి పాడేవాడి నోట, ఒకసారి గుంపు నోట. అంటే ప్రతి శనివారం, ప్రతి ఊళ్లో, మూలప్రతీ నకలూ రెండూ తయారవుతున్నాయి. ఒకడు మరిచిపోతే పక్కవాడు అందిస్తాడు. చెదలు పట్టని భాండాగారం అది. మా కోవెల్లో దర్జీ గారికి చదువు రాదు. ఆయనకి వచ్చినన్ని కీర్తనలు నాన్నగారికి రావు.

జైలు గోడ అనగానే కవి దాశరథి కృష్ణమాచార్య గుర్తొస్తారు. 1948లో నిజామాబాదు ఖిల్లా జైల్లో ఉన్నప్పుడు, పళ్లు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి. జైలువాళ్లు తుడిపేస్తే మళ్లీ రాశారు. ఆ ఖిల్లా మీద రఘునాథుడి గుడి ఉంది. కృష్ణమాచార్య ఇంటిపేరు దాశరథి. గోడకి ఇటు కవి, అటు రాముడు.

దూరదేశంలో ఒకటి. రెండో ప్రపంచయుద్ధంలో ఒలివియే మెస్సియాన్ అనే ఫ్రెంచి సంగీతకర్త జర్మన్లకి పట్టుబడి గోర్లిట్జ్ దగ్గర యుద్ధఖైదీల శిబిరంలో పడ్డాడు. అక్కడ ఖైదీల్లో ఒక క్లారినెట్ వాయించేవాడు, ఒక వయొలిన్ వాయించేవాడు, ఒక చెల్లో వాయించేవాడు ఉన్నారు. తను పియానో. అంతే ఉంది కాబట్టి ఆ నాలుగు వాద్యాలకే రాశాడు. 1941 జనవరి 15న, చలిలో, ఖైదీల ముందు వాయించారు. ఆ నాలుగింటిని అలా కలిపి రాయాలని మామూలు రోజుల్లో ఎవరికో గానీ తట్టదు. కష్టకాలం మనిషికి ఎంచుకునే వీలు తగ్గిస్తుంది. చేతిలో మిగిలినదేదో దాంతోనే పని జరగాలి. మెస్సియాన్‌కి నాలుగు వాద్యాలు, దాశరథికి బొగ్గు, గోపన్నకి కరణీకపు భాష.

గోల్కొండ కథకి ముగింపు వేరే ఉంది. 1686లో అక్కన్న, మాదన్న హత్యకి గురయ్యారు. మరుసటి ఏడు ఔరంగజేబు నెలల తరబడి ముట్టడించి కోటని పట్టుకున్నాడు. అబుల్ హసన్ మిగిలిన జీవితమంతా దౌలతాబాద్ కోటలో బందీగా గడిచింది. ఖైదు వేసినవాడే చివరికి ఖైదులో పోయాడు. ఆయన పాటలేవీ మనకి అందలేదు. కానీ భద్రాద్రి కల్యాణానికి ప్రభుత్వం తరపున ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం ఆయన పేరు మీదే నడుస్తోంది.

పాటలు మాత్రం కదిలాయి. వందేళ్లు దాటాక తిరువయ్యారులో త్యాగరాజు, దేవగాంధారిలో చేసిన "క్షీరసాగర శయన" కీర్తనలో, రామదాసు బంధనాన్ని తీర్చిన సంగతి విన్నానని చెప్పుకున్నాడు. విన్నాను అన్న మాట నాకు ముఖ్యం. చదివాను అనలేదు. గోదావరి ఒడ్డు సంగతి కావేరి ఒడ్డుకి నోటిమాటగా, పాటగా చేరింది. గుంటూరు సీమకి చెందిన తూము నరసింహదాసు భద్రాచలంలో సేవలు చేస్తూ, కీర్తనలు కడుతూ, తిరువయ్యారు వెళ్లి త్యాగరాజుని కలుసుకున్నాడు. ఇలాంటి నడిచే మనుషులు దారి వేశారు.

ఇక్కడ నాకు ఒక సందేహం ఉండేది. ఇప్పుడు మనం వినే బాణీలు గోపన్నవేనా? మా కోవెల వరస వేరు, ద్రాక్షారామం వైపు భజన వరస వేరు, రేడియోలో విన్న వరస వేరు. నాన్నగారు ఆ సందేహాన్ని పట్టించుకోలేదు. "భూమి ఒకటే, పట్టా పేర్లు మారుతుంటాయి" అన్నారు. పరిశోధకులకి ఈ జవాబు చాలదు. నాకు చాలింది.

రేడియో వరస మాత్రం కోనసీమ గొంతు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930 జులై 6న శంకరగుప్తంలో పుట్టారు. మా ఊరి నుంచి గౌతమి దాటి, కోనసీమంతా దాటి, సముద్రం దగ్గరికి పోతే వస్తుంది. ఆయన పుట్టిన కొద్దిరోజులకే తల్లి సూర్యకాంతమ్మ పోయారు. తండ్రి పట్టాభిరామయ్య వేణువూ వీణా వాయించే మనిషి. కొడుకుని పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర చేర్చారు. పంతులుగారి గురుపరంపర త్యాగరాజు శిష్యులదాకా పోతుంది. అంటే రామదాసు పేరు తలచిన నోటి నుంచి మొదలైన పాఠం, నాలుగైదు తరాలు తిరిగి, గోదావరి పాయల మధ్య పుట్టిన తల్లిలేని పిల్లవాడికి అందింది. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, బాలమురళి లాంటివాళ్ల చేతుల్లో భక్తిరంజని పెరిగింది. రజని నిడదవోలువారు. వాగ్గేయకారుల చరిత్ర రాసి 1961లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందినవారు. భజన గుంపులో పాడే రామదాసు, వాళ్ల దగ్గర పొద్దున్నే ఇంటింటికీ వచ్చే మనిషయ్యాడు. ఆ తరవాతి కాలంలో అదే కేంద్రంలో పనిచేసిన ఇంద్రగంటి శ్రీకాంతశర్మ 1944లో ఈ రామచంద్రపురంలోనే పుట్టారు. ఆయన తండ్రి హనుమచ్ఛాస్త్రిగారు ఇక్కడ బళ్లో తెలుగు చెప్పారు. మా నాన్నగారు దాన్ని సొంత చుట్టరికంలా చెప్పుకుంటారు.

మా ఇంట్లో మర్ఫీ రేడియో ఉండేది. 1984 వేసవిలో దాన్నీ అమ్మేద్దామనుకున్నారు. అమ్మ ఒప్పుకోలేదు. రెండు జతల వెండి గ్లాసులు వెళ్లాయి, రేడియో ఉండిపోయింది. పొద్దున్నే అమ్మ కుంపటి రాజేస్తుంటే పాట వచ్చేది. నాన్నగారు వరండాలో గోడకి ఆనుకుని వినేవారు. పాట వచ్చినందువల్ల బియ్యం రాలేదు. అప్పు తీరలేదు. ఆయన లేచి మొహం కడుక్కుని, మడత నలగని పంచె కట్టుకుని, పని కోసం బజారులోకి వెళ్లగలిగేవారు. అంతే జరిగింది. నేను చూసిందాన్ని పెంచి చెప్పను.

ఆనందభైరవి సంగతి చెప్పాలి. "పలుకే బంగారమాయెనా" ఆ రాగంలోనే మన చెవికి అలవాటు. 20వ మేళం నటభైరవి కింద లెక్కిస్తారు గానీ, ఆ ఇంట్లో ఇమడని స్వరాలు కూడా దీన్లోకి వచ్చి పోతుంటాయి. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ అలక, విరహం ఈ రాగంలో ఎన్నిసార్లు విన్నామో. పైకి వెళ్లేటప్పుడు ఇది నేరుగా మెట్లెక్కదు. షడ్జం నుంచి గాంధారానికి పోతుంది, రిషభానికి వెనక్కి వస్తుంది, మళ్లీ గాంధారం అందుకుని ముందుకు పోతుంది. ఏదో చెప్పబోయి, ఆగి, వెనక్కి తగ్గి, మళ్లీ మొదలెట్టే మనిషి మాట ఎలా ఉంటుందో అలా. ఈ రాగంలో గట్టిగా దెబ్బలాడడం కుదరదు. అలిగి అడగడం కుదురుతుంది. మా నాన్నగారు ఆ నెలల్లో ఇంట్లో మాట్లాడబోయి ఆగిపోయిన క్షణాలన్నీ నాకు ఆ ఒక్క ప్రయోగంలో వినపడతాయి. రాగలక్షణం ఇంత సొంతంగా వినకూడదేమో. నాకు వేరే విధంగా వినడం రాదు.

ఆ వేసవిలో పాటలతో పాటు పుస్తకం కూడా నడిచింది. నాన్నగారికి చూపు లేదు కాబట్టి మధ్యాహ్నాలు నేను చదివేదాన్ని. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి "అనుభవాలూ - జ్ఞాపకాలూనూ". శాస్త్రిగారు 1891లో పొలమూరులో పుట్టారు. మాకు పొరుగూరి కింద లెక్క. వేదాలూ సంస్కృతమూ చెప్పుకునే ఇంట్లో పుట్టి, తెలుగు కోసం పట్టుబట్టిన మనిషి. ఆ పుస్తకాన్ని ఈ ప్రాంతపు గొంతుతో పైకి చదివితేనే దాని అందం. నేను హైదరాబాదు యాసలో పడి ఒక మాట తప్పుగా విరిస్తే, కళ్లు మూసుకునే నాన్నగారు సరిదిద్దేవారు. ఊళ్లో అంబులెన్సు శబ్దం వినపడితే ఇద్దరం ఆగేవాళ్లం. అది దూరమయ్యాక మళ్లీ చదివేదాన్ని. మా వీధిలో ఇద్దరు పోయారు. పలకరించడానికి కూడా వెళ్లలేకపోయాం. ఆ రెండు రోజులూ పుస్తకం తెరవలేదు, పాట పెట్టలేదు. కొన్ని రోజులకి అవి కూడా పనికిరావు. అలాంటి రోజులు ఉంటాయని ఒప్పుకోకుండా సాహిత్యం గురించీ సంగీతం గురించీ మాట్లాడడం నాకు ఇష్టం లేదు.

మే నెలలో ఒకరోజు నాన్నగారు అటక మీద ఇనప్పెట్టె దింపమన్నారు. అందులో దస్త్రాలేవీ లేవు, అన్నీ అప్పగించేశారు. రాయని ఖాతా పుస్తకం ఒకటి మిగిలింది. ఎర్ర గీతలు, పసుపుబారిన కాగితం. దాన్ని నా చేతికిచ్చి, ఆ కీర్తన పద్దులు రాయమన్నారు. ఆయన ఒక్కో చరణం కూనిరాగంగా అంటుంటే నేను గడుల్లో నింపాను. ప్రాకారం. గోపురం, మంటపాలు. పచ్చల పతకం. మొలతాడు. ముత్యాల పతకం. చింతాకు పతకం. ప్రాకారానికీ నగలకీ ఎదురుగా అంకెలు.

తరవాత రాముడి వంతు వచ్చింది. కలికితురాయి. ఎంతో జాగ్రత్తగా చేయించానని గోపన్న చెబుతాడు. అది పెట్టుకుని కులుకుతూ తిరుగుతున్నావని దెప్పుతాడు. మీ నాన్న దశరథుడు పెట్టాడా, మీ మామ జనకుడు పంపాడా అని అడుగుతాడు. నా కలం అంకె గడి మీద ఆగిపోయింది.

"దీనికి ఎంత నాన్నగారూ?"

ఆయన మళ్లీ మొదటినుంచీ పాడుకున్నారు, మెల్లగా. మేము పాడుకునే పాఠంలో కలికితురాయికి ఖరీదు లేదు. తమ్ముళ్ల నగలకీ, సీతమ్మ నగకీ అంకె ఉంది. రాముడి నగకి లేదు. ఆ వెంటనే కోపం, కోపం వెంటనే క్షమాపణ. తిట్టానని నొచ్చుకోకు, దెబ్బలు ఓర్వలేక తిట్టానని. చివర నన్ను ఏలుకోమని ఒక వేడుకోలు. అక్కడితో అయిపోయింది. అడుగున మొత్తం కూడా వెయ్యలేదు.

"కూడిక వెయ్యలేదు చూశావా," అన్నారు నాన్నగారు. "ఇన్నేళ్లు పాడాను. నేనూ చూసుకోలేదు."

కూడిక వెయ్యని చిఠ్ఠా ఆయన జీవితంలో ఎక్కడా సంతకం పెట్టి ఇవ్వలేదు. 1984లో అప్పగించిన మూటల్లో ఒక్క దమ్మిడీ తేడా రాలేదని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను ఆ గడిలో చిన్న గీత పెట్టబోయాను, ఖాళీ గడిలో గీత పెట్టాలని ఆయనే చిన్నప్పుడు నేర్పారు.

"వద్దమ్మాయ్, అలా ఉండనీ" అన్నారు.

జూన్‌లో కాలవకి నీళ్లొదిలారు. రాత్రి వచ్చాయి. పొద్దున్న లేచేసరికి ఇంటి వెనక చప్పుడు మారిపోయింది. నాన్నగారు వరండాలో కుర్చీ కాలవ వైపు తిప్పి వేయించుకున్నారు. ఖాతా పుస్తకం ఒళ్లో ఉంది. ఆయనకి అందులో ఏదీ కనపడదు. ఆ పేజీ మాత్రం వేళ్లతో తడిమి పట్టుకుని, ఆనందభైరవి అందుకున్నారు.